నెత్తురు కక్కుట : ఒక రోగలక్షణ చరిత్ర

తెలుగునాట తిట్లలో మిక్కిలి క్రూరమైనది “నెత్తురు కక్కుకొని చత్తువు” అనునది. ఒట్టు తప్పినవానికిని, చేతబడికి గురియైనవానికిని ఇదియే గతియని పలువురి నమ్మిక. విజయవాడలో కృష్ణయొడ్డుననున్న భవానీపురమున పెద్దలతో ప్రసంగించునపుడు, ఇట్లు మరణించినవారి మాట వచ్చినంతనే వారు గొంతు తగ్గించుట మేము గమనించితిమి. రోగము పేరు చెప్పరు, కారకుడెవడో ఊహింతురు. ఈ లక్షణమునకును జీర్ణకోశమునందలి కంతులకును గల సంబంధము మన ప్రాచీనశాస్త్రమున ఏల స్పష్టపడలేదో విచారించుటయే ఈ వ్యాసోద్దేశము.

చరకసంహిత దీనిని రక్తపిత్తమున చేర్చినది. ప్రకోపించిన పిత్తముచే దూషితమైన రక్తము నోరు, ముక్కు మొదలగు పై ద్వారములనుండి వెడలిన ఊర్ధ్వగము. క్రింది ద్వారములనుండి వెడలిన అధోగము. మొదటిది సాధ్యము, రెండవది యాప్యము, రెండును కూడినది అసాధ్యము. ఈ విభాగమునకు రక్తము వెడలు ద్వారమే ప్రమాణము. కావున జఠరమునుండి కక్కిన నెత్తురును, ఊపిరితిత్తులనుండి దగ్గిన నెత్తురును ఒక్క పేరు క్రిందనే చేరినవి. పైగా, కంతివలన కలిగిన వాంతియు ‘సాధ్యము’ అను ఆశను కల్పింపగలదు.

కంతుల ప్రసక్తి వేరొకచోట నున్నది. రక్తార్బుదము ఎడతెగక నెత్తురు స్రవించుననియు, రోగి పాలిపోవుననియు, అది అసాధ్యమనియు సుశ్రుతుడు చెప్పెను. ఇది నిశితమైన పరిశీలనము. కాని అది కంటికి కనబడు కంతికే చెల్లును. మన ‘రాచపుండు’ అను మాటయు బయటి వ్రణమునే స్ఫురింపజేయును. మాధవనిదానమునందును రక్తపిత్తము, గుల్మము, అర్బుదము వేర్వేరు ప్రకరణములే.

ఈ ఎడబాటునకు ఒక కారణము సుశ్రుతసంహితయందే కలదని మా అభిప్రాయము. శవమును నీట నానబెట్టి అవయవములను పరిశీలింపుమని చెప్పిన ఆ గ్రంథమే, దీర్ఘవ్యాధిపీడితము కాని శవమును గ్రహింపుమని నియమించినది. శరీరరచనను తెలియుటకు అది తగిన నియమమే. కాని లోపలి కంతి కనబడు అవకాశము దానితో తొలగిపోయినది.

రోగలక్షణములను శవపరీక్షలతో విరివిగా జోడించిన గ్రంథమును ఇటలీయందు మోర్గాన్యి 1761లో ప్రకటించెను. 1881లో వియన్నాలో బిల్‌రోత్ జఠరపు కంతిని కోసి తీయగా రోగిణి కొన్ని నెలలు జీవించినది. 1957లో హిర్షోవిట్జ్ ప్రదర్శించిన, గాజుపోగులతో వంగునట్టి దర్శిని బ్రతికియున్నవాని జఠరమును చూచుటను సులభమొనర్చెను. 1982లో వారెన్, మార్షల్‌లు జఠరమునందలి ఒక సూక్ష్మజీవిని వేరుపరచి పెంచిరి. 1994లో అది కాన్సరు కారకములలో చేర్చబడెను.

కంతి పైపొర పుండై రక్తనాళము తెగినపుడు నెత్తురు వెడలును. ఆమ్లముచే అది నల్లబడి కాఫీమడ్డివలె కనబడవచ్చును. ఒక్కొక్కప్పుడు నల్లని మలము, పాలిపోవుట మాత్రమే గుర్తులు. అయినను నెత్తురువాంతికి కంతియే కారణమనరాదు. జఠరవ్రణములు, కాలేయవ్యాధిచే అన్ననాళమున ఉబ్బిన సిరలు ఇంకను తరచైన హేతువులు.

కావున పూర్వగ్రంథములలో ‘రక్తపిత్తము’ కనబడినంతనే కాన్సరనియో క్షయయనియో పరిశోధక విద్యార్థులు నిర్ణయింపరాదు. అది లక్షణమునకు పేరేకాని స్థానమునకు కాదు. తిట్టుగా మిగిలిన మాటయందును ఇదియే చిక్కు. శాపమని దాచినచో రోగి వైద్యునికడకు పోవలసిన దినములు గడచిపోవును.