సరోజినీదేవి తొలి కవితలు - ఇరువురు భావకులు

క్రొత్తగా రచించిన కావ్యమును ఒంటరిగా నున్న యొక్కని యెదుట జదువరాదని రాజశేఖరుడు కావ్యమీమాంసయందు గవులను హెచ్చరించెను. అతడది తనదే యనినచో కాదనుటకు సాక్షి యెవ్వడని యాతని ప్రశ్న. ఆ గ్రంథముననే భావకుడు కవికి స్వామియు, మిత్రుడును, మంత్రియు, శిష్యుడును, ఆచార్యుడును గాగలడని చెప్పబడినది. మొదటిది లోకమెరిగినవాని శంక. రెండవది కవిహృదయమెరిగినవాని సిద్ధాంతము. అముద్రితకవితను పరుల చేతికిచ్చువారందరును ఈ రెంటినడుమ నిలుచువారే. హైదరాబాదున బుట్టి యాంగ్లభాషలో గవిత్వము చెప్పిన సరోజినీదేవి వృత్తాంతము దీనికి దగిన యుదాహరణము.

సరోజిని 1879 ఫిబ్రవరి 13వ తేదీని జన్మించెను. తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయుడు వంగీయుడు. నిజాము రాష్ట్రమున ఆంగ్లవిద్యకు బునాది వేసినవారిలో నొకడు. పండ్రెండవయేట మద్రాసు విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షలో నుత్తీర్ణురాలై, 1895లో నిజాము ప్రభువు విద్యార్థివేతనమొసగగా నామె యింగ్లండునకు వెళ్లెను. ఆ దేశమున బ్రసిద్ధవిమర్శకుడైన ఎడ్మండు గాసుతో బరిచయము కలిగెను. తన పద్యముల కట్టను ఆమె యాతని చేత బెట్టెను.

పిమ్మట జరిగినదానిని గాసు 1912లో, ఆమె రెండవ సంపుటమైన 'ది బర్డ్ ఆఫ్ టైమ్' పీఠికలో జెప్పెను. పద్యములు నిర్దుష్టములు, ఛందస్సునగాని వ్యాకరణముననగాని వంక పెట్టుటకు వీలులేదు. ఐనను వానిలోని పక్షులు ఇంగ్లండు పక్షులు, పువ్వులు ఇంగ్లండు పువ్వులు, గంటలు ఇంగ్లండు పల్లెల చర్చిగంటలు. గాసు నిరాశచెందెను. వానినన్నిటిని బారవైచి, స్వదేశపు కొండలను, తోటలను, దేవాలయములను, ప్రజల హృదయమును బాడుమని బోధించెను. పదియారు, పదునేడేండ్ల బాలికకు ఇది కఠోరవాక్యమే. ఆమె దానిని వినయముతో గ్రహించెనని యాతడే వ్రాసినాడు. పదియారేండ్ల తరువాత ఆచార్యుడు తన బోధనుగూర్చి తానే చెప్పిన సాక్ష్యమగుటచే, ఇందు గొంత తగ్గించి పుచ్చుకొనుట చరిత్రకారుని ధర్మము. కాని దీనికి వేరొక యాధారము కలదు. 1905లో వెలువడిన తొలి సంపుటము 'ది గోల్డెన్ త్రెషోల్డ్'ను సరోజిని గాసునకే యంకితమొనర్చి, ఆ స్వర్ణద్వారమునకు మొదట దారిచూపినవాడాతడేయని యంకితమున దెలిపినది.

రెండవ భావకుడు ఆర్థరు సైమన్సు. ఈతడు కవి, గాసుకంటె బదియారేండ్లు చిన్నవాడు. 1896లో లండనులో ఆమె కొన్ని పద్యములను ఈతనికి జదివి వినిపించినది. తరువాత 1898లో ఆమె స్వదేశమునకు మరలి, ఆ యేటనే గోవిందరాజులు నాయుడుగారిని మద్రాసున వివాహమాడెను. వర్ణాంతరమైన యా వివాహమును జరిపించినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. సంసారమును, బిడ్డలును, అనారోగ్యమును గల యా దినములలో వ్రాసిన పద్యములను 1904లో హైదరాబాదునుండి సైమన్సునకు బంపెను. ఆతడు ప్రకటింపుమనెను, ఆమె సందేహించెను. తాను గోరిన శాశ్వతసౌందర్యము తన చిన్నిపద్యములకు లేదని యామె యుత్తరము. సైమన్సు వదలక యొప్పించి, పీఠిక తానే వ్రాసి, ఆమె లేఖలలోని భాగములను అందు జేర్చెను. రాజశేఖరుని శంక ఇచ్చట నిరర్థకమయ్యెను. పరుని కవితను తనదనువాడు కాడు సరికదా, తనది కాదని కవయిత్రి వెనుదీయుచుండగా నీదేయని యామె చేతిలో బెట్టినవాడీతడు.

వీరిలో నెవ్వని యుపకారము గొప్పది? ప్రకటనకు గారకుడు సైమన్సు. ప్రకటింపదగినది పుట్టుటకు గారకుడు గాసు. పాణిని స్వతంత్రుడైన కర్తను బ్రేరేపించువానికి హేతువను సంజ్ఞతోబాటు కర్తృసంజ్ఞను గూడ నిచ్చెను. ఐనను ప్రేరితుడు స్వతంత్రుడై యుండవలెను. లేనిచో నది ప్రేరణము కాదు, తోలుట. గాసు చెప్పినది నిషేధమంతవరకు నిర్దోషము. విధియంశమున మాత్రము చిక్కు కలదు. భారతదేశమును జూపుమని యాతడు కోరినది ఎవ్వరికి? ఆంగ్లపాఠకునికి. అందుచే తొలి సంపుటమున పల్లకీబోయీలును, చోళమండలతీరపు బెస్తలును, సాలెవారును వరుసగా వచ్చి పాడిపోవుదురు. పాట మధురమే. కాని బోయీ భుజముమీది కాయ యెచ్చటను గానరాదు. పల్లకీ మోసినవాని కంటె జూచినవానికే యది తేలిక. ఇంగ్లండు పక్షులు పోయినవి గాని వాని రాగము పోలేదు. ఈ దోషమును గాసుపై మాత్రమే మోపుట న్యాయము కాదు. ఆమె యెన్నుకొన్న భాషయు, ఛందస్సును ఆతని యుపదేశమునకు ముందునుండియే యున్నవి. హైదరాబాదు నగరపు సంధ్యను వర్ణించిన తావులలో, పరులకు జూపవలెనను తొందరలేక, తాను బెరిగిన వీథిని తాను జూచుకొనుచున్నట్లు తోచును. ఆచార్యుడు కోరినది దొరకినది అచ్చటనే.

మూడవ సంపుటము 1917లో వెలువడెను. తరువాత నామె జీవితము దేశసేవకు మరలి, 1925లో గాన్పూరు కాంగ్రెసునకు నామె యధ్యక్షురాలయ్యెను. 1927లో మరల గొన్ని పద్యములను రచించెను. అప్పటికి గాసును, సైమన్సును సజీవులే. ఆ పద్యములు మాత్రము ఆమె 1949లో గతించువరకును అచ్చు చూడక యుండెను. 1961లో కుమార్తె పద్మజానాయుడుగారు వానిని 'ది ఫెదర్ ఆఫ్ ది డాన్' అను పేర బ్రకటించిరి.