వృత్తి గడిలో గీసిన గీత



మన సంఘం కుటుంబాల పట్టిక కొత్తగా రాయించడానికి మేము కొందరం ఒడుగత్తూరు, గుడియాత్తం వైపు ఇల్లిల్లూ తిరిగాం. ఫారంలో 'వృత్తి' అని ఒక గడి ఉంది. మగవాళ్ళ పేర్ల పక్కన సేద్యం, మగ్గం, అంగడి అని రాసుకున్నాం. ఆడవాళ్ళ పేర్ల పక్కన ఎక్కువ ఇళ్ళలో ఒక గీత గీసి ముందుకు కదిలాం. ఒక ఇంట్లో పెద్దామె చూసి అడిగింది: "ఏం నాయనా, పొద్దున లేచింది మొదలు నేను చేసేదానికి పేరే లేదా?" అప్పుడు మాకు జవాబు తోచలేదు. ఆమెకు బాకీ పడ్డ జవాబే ఈ నాలుగు మాటలు.

శుక్రవారం ఒడుగత్తూరు మేకల సంతకు వెళ్ళిన వాళ్ళకు ఈ సంగతి తెలుసు. బేరం ఆడేది మగవాడు, డబ్బు లెక్కపెట్టుకునేది మగవాడు. పిల్లగా ఉన్నప్పటి నుంచి దానికి ఆకు తెచ్చి, నీళ్ళు పెట్టి, జబ్బు చేస్తే రాత్రి మేలుకున్న ఆడమనిషి సంతలో కనబడదు. గుడియాత్తం మగ్గం ఇళ్ళలోనూ అంతే. లుంగీ నేసినవాడి పేరున కూలి వస్తుంది. కండెలు చుట్టిన భార్య కష్టం, పిల్లల కష్టం ఆ కూలిలోనే కలిసిపోతాయి.

ఇప్పుడు బీడీల సంగతి చూడండి. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ళను 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్మికులుగానే గుర్తించింది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్క కడతారు. అదే మనిషి, అదే వసారా. చేట పక్కన పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్ళిందంటే మాత్రం ఆ నిమిషం నుంచి ఆమె 'ఊరికే ఉన్న' మనిషి. తేడా పనిలో లేదు, కొనేవాడు ఉన్నాడా లేడా అన్నదానిలో ఉంది.

ఈ గీత మనం ఒక్కళ్ళమే గీసింది కాదు. 2001 జనాభా లెక్కల్లో ఇల్లాళ్ళను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి పని చేయనివాళ్ళ కింద చేర్చారు. 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పు పట్టింది.

ఇంటిపని ఇంటి బయటికి వచ్చినప్పుడు దానికి పద్దు ఎలా పుట్టిందో చెప్పడానికి మన వాళ్ళ చరిత్రే ఉంది. 1920లో మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం పెట్టించారు. ఆయన తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో, నేతవాళ్ళలో పుట్టినవారు. తర్వాత కామరాజర్ 1956లో దాన్ని రాష్ట్రమంతటా పరిచారు, ఎం.జి.ఆర్. 1982లో పెంచారు, 2022లో ఉదయం ఫలహారం కూడా మొదలైంది. తల్లి వండితే లెక్కలేని అన్నానికి బడిలో బియ్యం పద్దు, పప్పు పద్దు, వంట మనిషి జీతం అన్నీ వచ్చాయి. ఆ జీతం చాలదని ఆ ఆడవాళ్ళు ఇప్పటికీ పోరాడుతున్నారంటే, ఇంట్లో కట్టిన చవక ధర బయటికీ వెంట వచ్చిందన్నమాట.

కోర్టులు కూడా మెల్లగా కదిలాయి. 2021 జనవరిలో మన తెలుగు న్యాయమూర్తి ఎన్.వి. రమణ, ఇల్లాలి పనికి ఆదాయం కట్టడం న్యాయమేనని రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు సుమారు 16 కోట్లు, మగవాళ్ళు 58 లక్షలు అని ఆ తీర్పులో గుర్తు చేశారు. 2023 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఇంకో అడుగు వేసింది. భర్త సౌదీలో సంపాదిస్తుంటే భార్య ఊళ్ళో ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ఆమె ఆ పని చేయకపోతే అతను అక్కడ ఉండి సంపాదించగలిగేవాడు కాదని, ఆ డబ్బుతో కొన్న కొన్ని ఆస్తుల్లో ఆమెకు సగం హక్కు ఉందని న్యాయమూర్తి కృష్ణన్ రామసామి చెప్పారు. గల్ఫుకు మనిషిని పంపిన ప్రతి ఇల్లూ చదవాల్సిన తీర్పు ఇది.

అదే ఏడాది సెప్టెంబరు 15న కాంచీపురంలో మగళిర్ ఉరిమై తొగై మొదలైంది. కోటి మందికి పైగా ఆడవాళ్ళకు నెలకు వెయ్యి రూపాయలు. దీన్ని సాయం అనలేదు, 'ఉరిమై' అన్నారు, అంటే హక్కు. ఆ మాట మాకు నచ్చింది. అయినా లెక్క వేద్దాం. 2024 కాలవినియోగ సర్వే ప్రకారం దేశంలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారు. నెలకు సుమారు 145 గంటలు. వెయ్యిని దానితో భాగిస్తే గంటకు 7 రూపాయలు. పిల్లల్ని, ముసలివాళ్ళను చూసుకునే సమయం ఇందులో కలపనే లేదు. డబ్బు కొంత వచ్చింది కానీ గంటలు పెద్దగా తగ్గలేదు. 88ని పెంచడం ప్రభుత్వ పథకాలతోనే అయ్యేది కాదు. అది మన ఇళ్ళలో మగవాళ్ళం చేయాల్సిన పని.

ప్రభుత్వాన్ని అడిగే ముందు మన గడి మనం దిద్దుకోవాలి. అందుకే ఫారం మార్చాం. 'ఇంటి నిర్వహణ', 'పిల్లల, పెద్దల సంరక్షణ' అని రెండు గడులు, రోజుకు ఎన్ని గంటలు అని ఒక గడి చేర్చాం. ఇవి మగవాళ్ళకూ ఉంటాయి. వాటిలో గీత గీస్తే ఎవరు గీసుకున్నారో అందరికీ తెలుస్తుంది.

మొదట ఆ పెద్దామె ఇంటికే మళ్ళీ వెళ్తాం. తర్వాత మీ ఇంటికి వస్తాం. మగవాళ్ళు చెప్పి రాయించకండి. ఆడవాళ్ళనే పిలిచి చెప్పనివ్వండి.