మోటార్‌హోమ్ వెనుక కారు లాగింపు

అమెరికా, కెనడాల్లో మోటార్‌హోమ్‌లో ప్రయాణించేవారు, దిగిన చోట తిరగడానికి ఓ చిన్న కారును వెనుక తగిలించుకుని వెళ్తారు. ట్రైలర్ లేకుండా నాలుగు చక్రాలూ రోడ్డు మీదే దొర్లాలంటే కారుకు కొన్ని అమరికలు చేయించాలి. బంపర్ విప్పి, దాని వెనక ఛాసిస్‌కు ఉక్కు బేస్‌ప్లేట్ బిగిస్తారు. కారును మోటార్‌హోమ్‌కు కలిపే టో బార్ చేతులను దానికే తగిలిస్తారు. సేఫ్టీ కేబుళ్లు, వెనుక లైట్లకు వైరింగ్ సరేసరి.

అసలు చిక్కు గేర్‌బాక్స్‌తో. చాలా ఆటోమేటిక్ కార్లలో ఆయిల్ పంపును తిప్పేది ఇంజనే. అది ఆగి ఉండగా చక్రాలు తిరిగితే లోపలి భాగాలు ఆయిల్ అందక పాడైపోతాయి. అందుకే ఓనర్స్ మాన్యువల్ అనుమతించిన మోడల్‌నే ఎంచుకోవాలి. జీప్ రాంగ్లర్ ఇందుకు పేరుబడింది: ట్రాన్స్‌ఫర్ కేస్‌ను న్యూట్రల్‌లో పెడితే చక్రాలకూ గేర్‌బాక్స్‌కూ లంకె తెగిపోతుంది.

బ్రేకుల దగ్గర పొదుపు పనికిరాదు. మోటార్‌హోమ్ బ్రేకు వేయగానే కారు పెడల్‌నూ నొక్కే పరికరం పెట్టించాలి. దారిలో కారు విడిపోతే బ్రేక్‌అవే స్విచ్ పిన్ను ఊడి, కారు బ్రేకులు వాటంతటవే పడతాయి. ఇలా తగిలించిన కారుతో రివర్స్ చేయకూడదు. ముందు చక్రాలు పక్కకు మెలితిరిగి టో బార్ వంగిపోవచ్చు.