సొంత ఖర్చా, ఎన్నికల ఖర్చా? - ఎడ్వర్డ్స్ కేసు మళ్లీ చదువుతూ

'వ్యక్తిగతం కూడా రాజకీయమే' అన్న మాట మనకి ఎంత అలవాటైపోయిందంటే, ఎవరితో, ఎందుకు అంటున్నామో ఆలోచించడం మానేశాం. 1970లో కరోల్ హానిష్ వ్యాసానికి ఆ పేరు పెట్టింది ఆమె కాదు, దాన్ని అచ్చువేసిన సంపాదకులు. ఇంట్లో ఆడవాళ్లు పడే బాధలు వాళ్ల సొంత లోపాలు కావని, వాటి వెనక అధికారం ఉందని ఆ వ్యాసం వాదించింది. నలభై రెండేళ్ల తర్వాత, 2012లో, ఉత్తర కరోలినాలోని గ్రీన్స్‌బరోలో ఒక కోర్టు దాదాపు ఇదే ప్రశ్న ముందు పెట్టుకుని ఆరు వారాలు కూర్చుంది. ఒక నాయకుడి వ్యక్తిగతం రాజకీయమా, కాదా? కాకపోతే అక్కడ తేల్చాల్సింది ఎవరి బాధా కాదు, 9 లక్షల 25 వేల డాలర్ల లెక్క.

కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. జాన్ ఎడ్వర్డ్స్ 2004లో డెమొక్రాటిక్ పార్టీ ఉపాధ్యక్ష అభ్యర్థి. 2008 అధ్యక్ష ఎన్నికలకి మళ్లీ రంగంలోకి దిగాడు. ప్రచారానికి వీడియోలు తీసిన రియెల్ హంటర్‌తో అతనికి సంబంధం ఏర్పడింది, ఆమె గర్భవతి అయింది. పత్రికల కంట పడకుండా ఆమెని ఊరూరూ తిప్పి దాచడానికి ఇద్దరు సంపన్నులు డబ్బిచ్చారు. ఒకరు టెక్సస్ లాయరు ఫ్రెడ్ బారన్. రెండోవారు రేచల్ మెలన్, అప్పటికి తొంభై ఆరేళ్లు దాటిన వృద్ధురాలు. 2007 డిసెంబరులో ఆండ్రూ యంగ్ అనే అనుచరుడు ఆ బిడ్డకి తండ్రిని నేనేనని ప్రకటించాడు. పెళ్లాం పిల్లలున్నవాడు! 2008 ఆగస్టులో ఎడ్వర్డ్స్ సంబంధాన్ని ఒప్పుకున్నాడు, బిడ్డని మాత్రం ఒప్పుకోలేదు. దానికి 2010 జనవరి దాకా పట్టింది. 2011 జూన్ 3న గ్రాండ్ జ్యూరీ ఆరు ఆరోపణలతో అభియోగపత్రం దాఖలు చేసింది. 2008 ఎన్నికల్లో ఒక మనిషి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకీ 2,300 డాలర్లకి మించి ఇవ్వకూడదు. దాచడానికి ఇచ్చిన సొమ్ము ఎన్నికల విరాళమే అయితే, అది నేరం.

ఆ డబ్బు నడిచిన దారి గురించి కొంచెం ఆగి చెప్పాలి. ఎడ్వర్డ్స్ 400 డాలర్లు పెట్టి జుట్టు కత్తిరించుకున్నాడని 2007లో పత్రికలు వెక్కిరించాయి. మెలన్‌కి కోపమొచ్చింది. ఇకమీదట అలాంటి బిల్లులు నాకు పంపండని యంగ్‌కి ఉత్తరం రాసింది. ఆ తర్వాత ఆమె చెక్కులు తన ఇంటి అలంకరణ చూసే మనిషి పేర వెళ్లాయి. వాటి మీద కుర్చీలు, పుస్తకాల బీరువా, పాతకాలపు బల్ల అని రాసి ఉండేది. అతను సంతకం చేసి పంపితే, యంగ్ భార్య తన పుట్టింటి ఇంటిపేరుతో బ్యాంకులో వేసుకునేది. అంటే, ఒక ఆడమనిషిని దాచడానికి ఇంకో ఆడమనిషి ఇచ్చిన డబ్బు, మూడో ఆడమనిషి పుట్టింటి పేరు మీదుగా నడిచింది. అది దేనికి ఖర్చవుతోందో మెలన్‌కి తెలియదని ఆ అలంకరణ చేసేవాడు కోర్టులో చెప్పాడు.

మన దగ్గరైతే ఈ కేసు పుట్టనే పుట్టదు కదా అనిపించింది నాకు. 'చిన్నిల్లు' అన్న మాటే ముద్దుగా వాడుకునే భాష మనది. దాచడానికి ఎవరైనా డబ్బెందుకిస్తారు? అక్కడ దాచాల్సి వచ్చిందంటే, దాచకపోతే పోయేది ఏదో ఉంది. అది ఎలిజబెత్.

2004 ఎన్నికల ఓటమిని ఒప్పుకున్న రోజే ఎలిజబెత్ ఎడ్వర్డ్స్‌కి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. 2007 మార్చిలో అది తిరగబెట్టి ఎముకలకి పాకిందని భార్యాభర్తలిద్దరూ విలేకరులకి చెప్పారు, ప్రచారం ఆపబోమన్నారు. భార్యని ఆ స్థితిలో వెంటేసుకు తిరుగుతాడా అని కొందరు, చిన్నపిల్లల తల్లి ఇంట్లో ఉండొద్దా అని కొందరు చర్చించారు. ఏది ఏమైనా ఆ ప్రచారానికి నైతిక బలం ఆమె. 2008 ఎన్నికల మీద 2010లో వచ్చిన ఒక పుస్తకం ఆమెని గయ్యాళిగా చిత్రించింది. దేవత మెట్టు దిగితే గయ్యాళి మెట్టే, మధ్యలో మనిషి నిలబడే చోటు లేదు. 2010 డిసెంబరు 7న ఆమె పోయింది. భర్త మీద అభియోగపత్రం వచ్చింది ఆరు నెలల తర్వాత.

చర్చ రెండు వైపులా గట్టిగానే సాగింది. దుర్మార్గుడే గాని నేరస్థుడు కాడు అన్నవాళ్లలో ఉదారవాదులే కాదు, ఎన్నికల్లో డబ్బు పెత్తనం మీద పోరాడేవాళ్లు కూడా ఉన్నారు. ఫెడరల్ ఎన్నికల సంఘం మాజీ అధ్యక్షుడు ఒకాయన ఇది విరాళం కాదని సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు, జడ్జి కాథరిన్ ఈగల్స్ ఆయన మాట జ్యూరీకి వినిపించనివ్వలేదు. కేసు మొదలుపెట్టిన సర్కారు వకీలు రిపబ్లికన్. 2012లో తానే ఎన్నికల్లో నిలబడి కాంగ్రెస్‌కి గెలిచాడు. అయినా నేను మొదట్లో ప్రాసిక్యూషన్ వైపే ఉన్నాను. భార్య జబ్బునీ, కుటుంబాన్నీ చూపించి ఓట్లడిగినవాడు, ఆ కుటుంబం మాటున దాచిందాన్ని 'నా సొంత విషయం' అంటే ఎలా ఒప్పుకుంటాం?

వాదనలు వివరంగా చదివాక ఆ నమ్మకం సడలింది. డిఫెన్స్ లాయర్లకి కావలసింది ఒక్కటే: డబ్బు ఓటర్ల నుంచి దాచడానికి కాదు, భార్య నుంచి దాచడానికి. అప్పుడే అది సొంత ఖర్చవుతుంది. అంటే బతికినన్నాళ్లూ మోసపోయిన మనిషి, చనిపోయాక మోసగాడికి రక్షణ కవచం కావాలి. పోటీ ప్రకటించిన కొద్ది రోజులకే భర్త తనకి సగం నిజం చెప్పాడని ఎలిజబెత్ 2009లోనే తన పుస్తకంలో రాసింది, అయినా ఆ వాదన నిలబడింది. ప్రాసిక్యూషన్‌కి కావలసింది దానికి తలకిందులు: ఆమె ప్రచారానికి పెట్టుబడి. అందుకోసం, 2007లో ఒక విమానాశ్రయంలో భర్త ఎదుట ఆమె గుండె పగిలి ఒంటి మీద బట్ట చించుకున్న ఘటనని సాక్షి చేత చెప్పించారు. కోర్టులో ఉన్న పెద్దకూతురు ఏడుస్తూ బయటికి వెళ్లిపోయింది. రెండు పక్షాలకీ ఎలిజబెత్ కావాలి, ఎవరికీ ఆమె మాట అక్కర్లేదు.

రియెల్ హంటర్‌ని ఎవరూ బోనెక్కించలేదు. నూట ఒక్క ఏళ్ల మెలన్ రాలేదు. యంగ్ భార్య మాత్రం చెప్పింది. సాహిత్యం చదువుకున్న పాపానికి నాకు మధురవాణి గుర్తొచ్చింది. కన్యాశుల్కంలో కేసు చిక్కు విప్పే నిజం ఒక వేశ్య దగ్గరుంటుంది, అది చెప్పడానికి ఆమె మగవేషం వేసుకుని సౌజన్యారావు ఇంటికి వెళ్లాల్సి వస్తుంది. ఇక్కడ ఆ దారి కూడా లేదు.

జడ్జి ఒక కీలకమైన మాట జ్యూరీకి చెప్పింది. ఎన్నికని ప్రభావితం చేయడం ఆ డబ్బుకి ఏకైక ఉద్దేశం అయి ఉండక్కర్లేదు. తొమ్మిది రోజులు చర్చించుకున్నాక, 2012 మే 31న, ఒక ఆరోపణ మీద నిర్దోషి అన్నారు. మిగతా ఐదింటి మీద ఏకాభిప్రాయం కుదరలేదు. జూన్‌లో ప్రభుత్వం కేసు వదిలేసుకుంది. నాకు ఆశ్చర్యమేమీ కలగలేదు. ఒక మగవాడు భార్యకి అబద్ధమాడేది ఇంటి కోసమా, ఓటు కోసమా అని విడదీయమంటే ఏ పన్నెండుమంది విడదీస్తారు? ఇల్లే అతని ఓటు.

దీని తోక పొడుగైంది. ఎడ్వర్డ్స్ బండారం బయటపెట్టిన నేషనల్ ఎంక్వైరర్ పత్రిక యజమానులే 2016లో కరెన్ మెక్‌డూగల్ కథని లక్షా 50 వేల డాలర్లకి కొని తొక్కిపెట్టారు. స్టార్మీ డేనియల్స్‌కి ట్రంప్ లాయరు మైకేల్ కోహెన్ లక్షా 30 వేలు ఇచ్చాడు, 2018 ఆగస్టులో అది ఎన్నికల విరాళాల చట్టానికి విరుద్ధమని ఒప్పుకున్నాడు. 2024లో న్యూయార్క్‌లో ట్రంప్ మీద విచారణ జరిగింది వ్యాపార రికార్డుల తారుమారుకి. అక్కడా అదే వాదన: దాచింది భార్య కోసమా, ఓటర్ల కోసమా? ఆ వార్త వచ్చిన ఉదయం పేపర్లు ఇంటికి చేరకుండా చూడమన్నాడని పాత ఉద్యోగిని ఒకరు చెప్పింది. భార్య కోర్టుకి రాలేదు. కానీ ఈసారి డేనియల్స్ బోనెక్కి రెండు రోజులు మాట్లాడింది. ఆమె వృత్తిని పట్టుకుని ఎంత గుచ్చినా తగ్గలేదు. మే 30న 34 ఆరోపణల మీదా దోషి అని తీర్పొచ్చింది. 2025 జనవరిలో ఏ శిక్షా లేకుండా వదిలారు. అప్పటికే అతను ఎన్నిక గెలిచాడు.

వీటన్నిటికీ మూలమైన ఎన్నికల సంఘం నియమం చాలా సాదాగా ఉంటుంది. అభ్యర్థిగా నిలబడకపోయినా ఆ ఖర్చు అయ్యేదేనా? అయ్యేదే అయితే సొంత ఖర్చు. ఈ ప్రశ్నని మగవాళ్ల రహస్యాల మీద ఏళ్ల తరబడి తిప్పి తిప్పి చూశారు. కోహెన్ తప్పు ఒప్పుకున్న 2018లోనే, మూడు నెలల ముందు, ఇదే నియమాన్ని ఇంకొకరు తలుపు తట్టి అడిగారు. న్యూయార్క్ రాష్ట్రంలో కాంగ్రెస్‌కి పోటీ చేస్తున్న లియూబా గ్రెచెన్ షర్లీ. ఇద్దరు చిన్నపిల్లలు. ఇంటి నుంచే పనిచేసుకుంటూ తనే చూసుకునేది. ప్రచారానికి వెళ్లాలంటే ఆయాని పెట్టుకోవాలి, ఆ జీతం ప్రచార నిధి నుంచి ఇవ్వచ్చా?

పిల్లల పెంపకం అంతకంటే సొంత ఖర్చేముంటుంది అన్నది సంప్రదాయమైన జవాబు. 1995లో జిమ్ మెక్రరీ అనే సభ్యుడికి, భార్యాభర్తలు కలిసి ప్రచార సభలకి వెళ్లే సందర్భాల్లో అప్పుడప్పుడూ ఆయా ఖర్చుకి అనుమతిచ్చారు. రోజువారీగా, తల్లే అభ్యర్థి అయితే? నాకు తెలిసిన ఒకామె మండల ఎన్నికల్లో నిలబడినప్పుడు జీపు డీజిలూ, కరపత్రాలూ, మైకు అద్దే లెక్క రాశారు. చంటిబిడ్డని పగలంతా ఎత్తుకు తిరిగిన ఆడపడుచు ఏ పద్దులోనూ లేదు. రాయాలని ఎవరికీ తోచనే లేదు, నాతో సహా.

2018 మే 10న సంఘం నలుగురు సభ్యులూ ఒక్కమాట మీద అనుమతిచ్చారు. ఆమె అభ్యర్థి కాకపోతే ఆ ఖర్చు ఉండేది కాదు అన్నారు. ఎడ్వర్డ్స్ కేసులో ఆరు వారాలు నలిగినా తెగని పరీక్ష, ఇక్కడ ఇట్టే తేలిపోయింది. ఎందుకంటే ఆమె ఏమీ దాచలేదు. నా ఇంట్లో పిల్లలున్నారు, వాళ్లని చూసే పనికి ఖరీదుంది అని అర్జీలో రాసింది.

ఆ నవంబరులో షర్లీ ఓడిపోయింది. ఆయా జీతం మాత్రం లెక్కల్లో ఉంది, పోస్టర్ల ఖర్చు పక్కనే.