మార్కెటింగ్ సలహాదారు: సంత నుంచి స్వతంత్ర వృత్తి దాకా

మార్కెటింగ్ వ్యూహ సలహాదారు సరుకు కొనడు, అమ్మడు. ఎవరికి, ఏ రూపంలో, ఎంతకు అమ్మితే గిట్టుబాటవుతుందో చెప్పి ఫీజు తీసుకుంటాడు. వృత్తిగా దీని వయసు నూరేళ్ల పైచిలుకే. ఆ తెలివి మాత్రం సంతంత పాతది. చాలాకాలం అది వర్తకంలోనే కలిసి ఉండి, తర్వాత విడివడింది. ఆ క్రమానికి భద్రాచలం మన్యంలోని దుమ్ముగూడెం పరిసరాలు మంచి ఉదాహరణ.

చింతపండు, ఇప్పపువ్వు, తపసి జిగురు సంతకు తెచ్చి ఉప్పు, గుడ్డలు పట్టుకెళ్లే కోయలకు పట్నంలో ఆ సరుకు ధరెంతో తెలిసే దారి లేదు. షావుకారుకు తెలుసు. కొలపాత్ర, ధర, అప్పు పద్దు అన్నీ అతని చేతిలోనివే. ఆ ఎరుకను అతను ఎవరికీ అమ్మలేదు, దాచుకునే లాభపడ్డాడు.

19వ శతాబ్దంలో ఇంజనీరు సర్ ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో గోదావరిలో ఎగువ దాకా పడవల దారి తెరిచే పని సాగింది. బీరారు పత్తిని కోస్తాకు దించడం దాని ముఖ్యోద్దేశం. రాళ్లు అడ్డుపడే దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఈలోగా 1867లో రైలు నాగపూర్ చేరింది, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పడవల దారి పనులు ఆపేశారు. దారి వేస్తే చాలదు, సరుకు ఎటు మొగ్గుతుందో ముందే అంచనా కట్టాలి. తర్వాతి కాలంలో సలహాదారు పనిగా మారింది ఈ అంచనాయే.

ఈ పని వేరుపడింది అమెరికాలో. 1911లో కర్టిస్ పత్రికా సంస్థ చార్లెస్ పార్లిన్‌ను మార్కెట్ పరిశోధనకే నియమించింది. 1960లో జెరోమ్ మెకార్తీ సరుకు, ధర, స్థలం, ప్రచారం అనే నాలుగంశాల చట్రం ఇచ్చారు. 1967లో ఫిలిప్ కోట్లర్ పాఠ్యగ్రంథం వచ్చింది. మన దేశంలో ఇలాంటి మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పే అహ్మదాబాద్, కలకత్తా ఐఐఎంలు 1961లో వెలిశాయి. హైదరాబాద్‌లో 1956లో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, 2001లో ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) మొదలయ్యాయి. 1991 సరళీకరణతో పోటీ పెరిగి సలహాకు గిరాకీ వచ్చింది. సాధారణంగా ఈ వృత్తిలోకి వచ్చేవారు ముందు ఏదో కంపెనీ అమ్మకాల విభాగంలోనో, ప్రకటనల ఏజెన్సీలోనో, సర్వే సంస్థలోనో కొన్నేళ్లు పనిచేసి, పరిచయాలు కుదిరాక సొంతంగా నిలబడతారు.

మన్యానికి ఈ ఎరుక సహకార సంస్థ ద్వారా చేరింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ, జీసీసీ, షావుకారుకు పోటీగా అటవీ ఫలసాయం కొనడం మొదలుపెట్టింది. తపసి జిగురులో తెల్లగా, బెరడు ముక్కల్లేకుండా ఉన్నది మొదటి రకం. నల్లబడి నలకలున్నది అడుగు రకం. చెట్టుకు గాటు పెట్టే తీరు మార్చుకుని, ఆరబెట్టే ముందు బెరడు ఏరేస్తే అదే జిగురుకు ఎక్కువ ధర పలుకుతుంది. 1994లో ఏర్పడిన కోవెల్ ఫౌండేషన్ సేకరించేవారికి ఇలాంటి మెళకువలే నేర్పింది.

ఇప్పుడు సరుకుకు పేరు పెట్టడం కూడా ఇక్కడే జరుగుతోంది. భద్రాచలం మహిళలు చిరుధాన్యాలతో చేసే బిస్కెట్ల పేరు ‘భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్’. మొదటి మాట ఊరు చెబుతుంది, రెండోది ధాన్యం, మూడోది ఊరింపు. ఒకప్పుడు షావుకారు గుట్టుగా ఉంచుకున్న తెలివి, ఇక్కడ పొట్లం మీదే అచ్చయింది.