మదరాసు విక్టోరియా హాలు

దేవాలయాల చరిత్రలు, మిషనరీల సేవలు చదువబోయే ఈ శతవార్షిక సంచికలో ఒక నాటకశాల కథ ఎందుకని సంఘస్థులకు తోచవచ్చు. నాటకశాల అన్న మాట మన బైబిలులోనిదే. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో ఎఫెసు జనం పౌలు సహచరులను ఈడ్చుకుపోయింది నాటకశాలకే. అయినా నాటకాలకు, సినిమాలకు పోరాదని మన పెద్దలు గట్టిగా చెప్పేవారు. రాత్రంతా మేలుకొని, కూలి డబ్బు పోగొట్టుకొని వచ్చేవారిని చూసి చెప్పిన మాట అది. దాన్ని నేను తేలిక చేయను.

చెన్నై సెంట్రల్ స్టేషను నుండి బయటికి వస్తే రిప్పన్ బిల్డింగు ప్రక్కన ఎర్ర ఇటుకల మేడ ఒకటి కనిపిస్తుంది. అదే విక్టోరియా పబ్లిక్ హాలు. మన గోదావరి జిల్లాకు మదరాసు రాజధానిగా ఉన్న కాలంలో, 1883 డిసెంబరు 17న, విజయనగరం మహారాజు ఆనంద గజపతి దీనికి శంకుస్థాపన చేశారు. గురజాడ వారు 1897లో ‘కన్యాశుల్కం’ అంకితమిచ్చింది ఈ ప్రభువుకే. జమీందారుల విరాళాలతో, పౌరుల చందాలతో ఆ దశాబ్దం చివరికి కట్టడం పూర్తయింది. 1887 నాటి విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి గుర్తుగా ఆ పేరు పెట్టారు. నమూనా గీసినది చిషోమ్ దొర, కట్టించినది తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. క్రింద ఒకటి, మేడమీద ఒకటి రెండు హాళ్ళు. ఒక్కొక్క దానిలో సుమారు 600 మంది కూర్చోవచ్చు. ఇటుక, సున్నంతో కట్టిన పని. గోపురం పైకప్పు మాత్రం తిరువాన్కూరు తీరులో ఉంటుంది.

1891లో బళ్ళారి నుండి ధర్మవరం రామకృష్ణమాచార్యుల వారి సరస వినోదినీ సభ ఇక్కడికి వచ్చి తెలుగు నాటకాలాడింది. ఆచార్యులవారు వకీలు. చదువుకున్న పెద్దమనుషులు వేషం కట్టడం ఆనాడు వింత. ఆ ప్రదర్శన చూచిన పమ్మల్ సంబంధ మొదలియారు అనే విద్యార్థి అదే సంవత్సరం జూలైలో మిత్రులతో సుగుణ విలాస సభ స్థాపించాడు. తమిళ నాటకరంగానికి ఆయన పెద్దదిక్కయ్యాడు. తెలుగువారి నాటకం తమిళులకు దారి చూపిన సంగతి మనలో ఎందరికి తెలుసు? ఇంచుమించు ఆ రోజుల్లోనే, 1890లో, మన రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు సొంత సొమ్ముతో పురమందిరం కట్టించారు.

1896 డిసెంబరులో స్టీవెన్సన్ అనే ఆయన విక్టోరియా హాలులో కదిలే బొమ్మలు చూపించాడు. మదరాసుకు సినిమా వచ్చింది అలా. కొన్నేళ్ళకు, 1905లో, తిరుచిరాపల్లి రైల్వే ఉద్యోగి సామికన్ను విన్సెంట్ అనే క్రైస్తవుడు డ్యూపాంట్ అనే ఫ్రెంచివాని వద్ద యంత్రం కొని, డేరా వేసి ఊరూరా ప్రదర్శనలిచ్చాడు. అతడు చూపిన వాటిలో క్రీస్తు జీవితచరిత్ర ఒకటి. మనవారు వద్దన్న పెట్టెలోనుండే సువార్త కూడా వెలువడిందన్నమాట! తరువాత 1910 ప్రాంతంలో బందరువాడైన రఘుపతి వెంకయ్య నాయుడు శబ్దంతో కూడిన చిన్న చిత్రాలను ఈ హాలులోనే ప్రదర్శించారు. ఆయన మదరాసులో కట్టించిన గెయిటీ థియేటరు ఈనాడు లేదు.

విక్టోరియా హాలు మిగిలింది గాని, బాగా మిగిలిందనలేము. హాలు స్థలం 99 ఏళ్ళ కౌలుది. గడువు 1980లలో తీరింది, ఆపైన వ్యాజ్యాలు. కట్టేటప్పుడు చందాలిచ్చినవారు ఎందరో. కురిసే కప్పు వేయించడానికి ముందుకు వచ్చినవారు కొద్దిమంది. యెహోవా మందిరము శిథిలమైనప్పుడు యోవాషు రాజు కాలంలో యాజకుడైన యెహోయాదా పెట్టెకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర పెట్టించవలసి వచ్చింది. బాగుచేతకు డబ్బు తేవడం ఆనాడూ కష్టమే. మన పాస్టరేట్లలో పాత మిషను దేవాలయాలను పడగొట్టి స్లాబు వేద్దామనే తీర్మానాలు తరచుగా వస్తున్నాయి. ఇరుకైతే పెంచవలసిందే. గోడ చెమ్మగిల్లిందని మాత్రమే పడగొట్టనక్కరలేదు. సున్నపు పని ఎంతకాలం నిలుస్తుందో పి.గన్నవరం వారికి వేరే చెప్పాలా? కాటన్ దొర హయాంలో, 1850లలో, వైనతేయ పాయమీద కట్టిన పాత అక్విడక్టు నూరేళ్ళకు పైగా నగరం లంకకు నీరు మోసింది. 2000లో క్రొత్తది వచ్చేదాకా భారమంతా దానిదే.

2023లో చెన్నై నగరపాలక సంస్థ విక్టోరియా హాలు పునరుద్ధరణ పనులు ప్రారంభించింది. అంచనా ముప్పై కోట్ల రూపాయల పైమాటే. పాత గోడలను పడగొట్టకుండానే ఆ పని తలపెట్టారు.