గనిదీపం – వెలుగు కొలత: గోదావరి లోయ బొగ్గుబావుల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

కీలక పదాలు: గనిదీపం, సింగరేణి, క్యాప్ ల్యాంపు, తెల్ల ఎల్‌ఈడీ, రామగిరి, గోదావరిఖని.

ఉపోద్ఘాతం

టార్చిలైట్లలో వాడే అధికశక్తి తెల్ల ఎల్‌ఈడీ ఎమిటర్లను పోల్చేవారు సాధారణంగా మొదట ఒకే సంఖ్యను చూస్తారు: ఎన్ని ల్యూమెన్లు? భూమిపైన ఈ కొలత చాలావరకు సరిపోతుంది. రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీ నుంచి షిఫ్టుకు బయలుదేరి అడ్రియాల గనిలోకి దిగే కార్మికునికి అది చాలదు. బొగ్గు తనపై పడిన వెలుగులో దాదాపు 5 శాతాన్ని మాత్రమే తిరిగి పంపుతుంది. పైకప్పులోని సన్నని చీలిక, పక్కగోడ నుంచి విడివడుతున్న పెళ్ల అతనికి నలుపు మీద నలుపుగానే కనిపించాలి. 2022 మార్చిలో అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించారు. అటువంటి ప్రమాదాన్ని తలదీపం ఆపగలదని అనలేం. కానీ ప్రమాద సూచనను ముందుగా చూడవలసిన కన్ను ఆ దీపం మీదే ఆధారపడి ఉంది. అందుచేత గనిదీపాన్ని దేనితో కొలవాలన్నది కేవలం సాంకేతిక ప్రశ్న కాదు. గనిదీపపు చరిత్రను వెలుగు పెరుగుదల చరిత్రగా మాత్రమే చదివితే ఈ ప్రశ్న కనిపించకుండా పోతుంది.

మంట చెప్పిన మాట

1812లో ఇంగ్లండులోని ఫెల్లింగ్ గనిలో జరిగిన పేలుడులో 92 మంది మరణించారు. ఆ విషాదం తర్వాత సాగిన అన్వేషణలో, 1815లో హంఫ్రీ డేవీ మంట చుట్టూ సన్నని తీగజాలి అమర్చాడు. జాలి మంట వేడిని లాగివేస్తుంది కనుక లోపల వాయువు అంటుకున్నా నిప్పు బయటికి పాకదు. గాలిలో 5 నుంచి 15 శాతం మేర మీథేన్ ఉంటే పేలుడు సంభవిస్తుంది. అంతకు చాలా ముందే తగ్గించిన మంటపై పాలిపోయిన నీలి శిఖ కనిపిస్తుంది. 1.25 శాతానికి చేరితే విద్యుత్తు ఆపి మనుషులను వెనక్కి పంపాలన్న మన గనుల నిబంధనకు ఈ నీలి శిఖే చాలాకాలం కంటికి కనిపించే సాక్ష్యం. ప్రాణవాయువు తగ్గితే మంట ఆరిపోతుంది. తెలుగు ఇళ్లలో దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. గనిలో మాత్రం ఆరిన దీపం మర్యాదమాటకు వ్యవధి ఇవ్వదు.

విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించగా, 1889లో తవ్వకం మొదలైంది. అప్పటికి డేవీ దీపానికి 74 ఏళ్లు. గాలిని చదవగలిగిన ఆ దీపం వెలుగు ఇవ్వడంలో మాత్రం బీదదే. జాలి వెనుక వెలుగు ఒక కొవ్వొత్తికి కూడా సరితూగేది కాదు. బ్రిటిష్ గనికార్మికులలో కనుగుడ్లు అదుపు లేకుండా కదిలే నిస్టాగ్మస్ వ్యాధికి ఈ మసకవెలుగే కారణమని 20వ శతాబ్ది తొలినాళ్లలో గట్టిగా వాదించారు.

నడుముకెక్కిన బరువు

1914–15 ప్రాంతంలో ఎడిసన్ బ్యాటరీ తలదీపం అమెరికా గనులలోకి వచ్చింది. గోదావరిఖనిలో 1960ల తొలినాళ్లలో బొగ్గు తవ్వకం మొదలయ్యేసరికి విద్యుత్ తలదీపం ప్రపంచమంతటా స్థిరపడింది. 4 వోల్టుల సీసం–ఆమ్ల బ్యాటరీ నడుముకు, బల్బు టోపీకి, మధ్యలో తీగ. బ్యాటరీ రెండు కిలోలకు పైమాటే. తట్టా చెమ్మస్ పట్టి బొగ్గు నింపే మనిషికి అది షిఫ్టంతా మోయవలసిన అదనపు బరువు. ఇక్కడే అసలైన విభజన జరిగింది. వెలుగు కార్మికుని తలకెక్కింది. గాలిని పరీక్షించే మంట ఓవర్‌మన్, సర్దార్ల చేతికి పరిమితమైంది. కార్మికునికి మునుపటికంటే బాగా కనిపించింది గాని, తన గాలిని తానే చదివే సాధనం అతని చేతిలో లేకుండా పోయింది. ఈ నష్టాన్ని సాంకేతిక చరిత్రలు తగినంతగా పట్టించుకోలేదని నా అభిప్రాయం.

తెల్ల ఎల్‌ఈడీ

1993లో నిచియా సంస్థలో షుజీ నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని రూపొందించాడు. 1996లో దానిపై పసుపు ఫాస్ఫర్ పూసిన తెల్ల ఎల్‌ఈడీ వచ్చింది. తొలితరం 1 వాట్ లక్సియాన్ ఎమిటర్ ఇచ్చింది సుమారు 25 ల్యూమెన్లే. 2010 నాటి క్రీ ఎక్స్ఎమ్-ఎల్ 10 వాట్లకు దాదాపు 1000 ల్యూమెన్లు ఇవ్వగలిగింది. పాత ఫిలమెంటు బల్బు వాట్‌కు 10–15 ల్యూమెన్లు దాటేది కాదు.

అయితే ఎమిటర్ పరిమాణమూ ముఖ్యమే. 2006 నాటి క్రీ ఎక్స్ఆర్-ఈ చిప్ వైశాల్యం సుమారు 1 చదరపు మిల్లీమీటరు. ఎక్స్ఎమ్-ఎల్‌ది దాదాపు 4. ఒకే రిఫ్లెక్టర్‌లో అమర్చితే చిన్న చిప్ సన్నని, దూరం పోయే కిరణాన్నిస్తుంది. పెద్దది వెడల్పైన మచ్చను పరుస్తుంది. ఇంక్లైన్ వెంట దూరం చూడడానికి మొదటిది మేలు. మూడు నాలుగు మీటర్ల దూరంలో ఉన్న బొగ్గు ముఖం, పైకప్పు, కాలికింది పట్టాలు ఒకేసారి కనిపించాలంటే రెండవదే కావాలి.

రంగు సంగతి మరింత ఆసక్తికరం. మసకచీకటిలో కంటి అంచుల చూపు నీలి–ఆకుపచ్చ వెలుగుకు ఎక్కువగా స్పందిస్తుంది. అందువల్ల ఎర్రని ఫిలమెంటు వెలుగు కంటే చల్లని తెలుపు కింద కాలికి తగిలే వస్తువులను, పక్కన కదిలే వాటిని త్వరగా గుర్తించగలమని అమెరికాలోని నియాష్ పరిశోధనలు చూపాయి. 50 ఏళ్లు పైబడినవారిలో ఈ మేలు మరింత స్పష్టంగా కనిపించింది. అదే తెల్లని కిరణం ఎదుటి కార్మికుని కళ్లలో పడితే కొన్ని క్షణాలు అతన్ని గుడ్డివాణ్ని చేస్తుంది. రేకుపై ముద్రించిన ల్యూమెన్లలో ఈ మేలూ కనిపించదు, కీడూ కనిపించదు.

మరో తేడా ఉంది. బ్యాటరీ తగ్గేకొద్దీ పాత బల్బు ఎర్రబడి ముందే హెచ్చరించేది. విద్యుత్ ప్రవాహాన్ని స్థిరంగా ఉంచే ఎల్‌ఈడీ దీపం చివరిదాకా ఒకే తెలుపుతో వెలుగుతుంది. ప్రత్యేకంగా హెచ్చరిక మెట్లు అమర్చకపోతే హఠాత్తుగా ఆరిపోవచ్చు. లిథియం బ్యాటరీతో, తీగ లేకుండా పావుకిలో అటూ ఇటూ తూగే దీపాలు నడుమును విముక్తం చేశాయి. మీథేన్ సంవేదకాన్ని తలదీపంలోనే పొదిగిన నమూనాలూ వచ్చాయి. ల్యాంప్ రూమ్ కిటికీ దగ్గర దీపం అందుకునే కార్మికుని వైపు నుంచి చూస్తే, ఎమిటర్ల పోలికలో ముందు అడగవలసినవి మూడు: ఎనిమిదో గంటలో ఎంత వెలుగుతుంది, కంటి అంచుకు ఏం చూపుతుంది, ఆరబోయే ముందు ఏమని చెబుతుంది.